సరిహద్దులు చెరుపుదాం, సరే. ముందు ఏ సరిహద్దు?

(వాడ మాటలు – 14)



పోయిన శనివారం హైదరాబాద్‌లో విద్యార్థులు పెట్టిన ఒక సదస్సుకి పిలిస్తే వెళ్లాను. అంశం: దక్షిణాసియా దేశాలన్నీ ఒకే సమాఖ్యగా ఏర్పడాలా? నాకంటే ముందు ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ మంచివాళ్లే, నేను గౌరవించేవాళ్లే. ముగ్గురూ ఏర్పడాలనే అన్నారు. బ్రిటిషువాడు గీసిన గీతలన్నారు. ఒకే మట్టి, ఒకే పాట, ఒకే బువ్వ అన్నారు. నా వంతు వచ్చాక నేను ఒకటే అడిగాను. "అయ్యా, ఆ ఒకే బువ్వ మాకు ఏ కంచంలో పెడతారు? టీ కొట్టులో విడిగా పెట్టిన గ్లాసు లాంటి కంచంలోనా?"

హాల్లో సగం మంది చప్పట్లు కొట్టారు. సగం మంది మొహాలు మాడ్చుకున్నారు. ఆ రాత్రి నుంచి ఇన్‌బాక్స్ నిండిపోయింది. ఒకాయన "మేడమ్, మీరు కూడా సరిహద్దుల్ని సమర్థిస్తున్నారా? ఇది జాతీయవాదుల మాట కదా" అని రాశాడు. ఇంకొకాయన "అఖండ భారతం వస్తే మీకేంటి బాధ" అంటూ మొదలుపెట్టి, నేను ఇక్కడ రాయలేని మాటల దగ్గర ఆపాడు. ఒకే ప్రశ్న అడిగినందుకు ఒకరికి జాతీయవాదినయ్యాను, ఇంకొకరికి దేశద్రోహినయ్యాను.

పన్నెండు నిమిషాల్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా. పొడుగైంది. ఓపిగ్గా చదవండి. కాదనిపిస్తే కింద వాదించండి.

*

ముందు రెండు రకాల వాళ్లని విడదీయాలి. ఇద్దర్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

మొదటి రకం వాళ్లకి కావాల్సింది మ్యాపు. అఫ్ఘానిస్తాన్ నుంచి మయన్మార్ దాకా కాషాయం పూసిన మ్యాపు. 2023 మేలో కొత్త పార్లమెంటు భవనం తెరిచినప్పుడు అందులో ఒక కుడ్యచిత్రం కనిపించింది. అది అశోకుడి కాలపు రాజ్యమని విదేశాంగ శాఖ వివరణ ఇచ్చుకుంది. అది అఖండ భారతమేనని అధికార పార్టీ వాళ్లే మురిసిపోయారు. నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్ మూడూ అభ్యంతరం చెప్పాయి. చెప్పవా మరి? పక్కింటాయన తన ఇంటి ప్లానులో మన వంటగది కూడా గీసి గోడకి తగిలించుకుంటే మనం ఊరుకుంటామా?

వీళ్ల మ్యాపులో నేల ఉంటుంది, మనుషులుండరు. పాకిస్తాన్ కావాలి, పాకిస్తానీయులు వద్దు. బంగ్లాదేశ్ కావాలి, బంగ్లాదేశీయులు చెదపురుగులు. ఇక్కడున్న ముస్లిం జనాభాని చూసే గుండెలు బాదుకునేవాళ్లు, ఆ రెండు దేశాల జనాన్నీ ఓటర్ల జాబితాలో కలుపుకుంటారా? కలుపుకోరు. ఓటు లేకుండా కలుపుకుంటారు. ఒక మనిషిని ఊళ్లోనే ఉంచి, పని చేయించుకుని, లెక్కలోకి మాత్రం రానివ్వకుండా ఎలా ఉంచాలో ఈ దేశానికి ఒకరు నేర్పాలా? ఆ పద్ధతికి మన దగ్గర పాత పేరే ఉంది. వాడ. వాళ్ల అఖండ భారతం అంటే పెద్ద ఊరు, ఇంకా పెద్ద వాడ. దాని గురించి ఇంతకంటే మాట్లాడను.

రెండో రకం వాళ్లు మన మిత్రులు. యుద్ధాలు వద్దంటారు. రాకెట్లకి పోసే డబ్బు బడికీ ఆసుపత్రికీ పెట్టమంటారు. యూరప్‌లో రెండు ప్రపంచ యుద్ధాలు చేసుకున్న దేశాలు 1951లో బొగ్గు, ఉక్కు ఒప్పందంతో మొదలుపెట్టి ఒక యూనియన్ కట్టుకోగలిగినప్పుడు మనకేం పోయేకాలం అంటారు. ఈ మాటలో నిజాయితీ ఉంది. అందుకే నా తగువంతా వీళ్లతోనే. మనవాళ్లతోనే కదా తగువు పడేది.

*

వీళ్లు తరచూ అనే మాట: "మన సంస్కృతి ఒకటే."

నేను తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని. పాట సరిహద్దు దాటుతుందని నాకూ తెలుసు. కానీ ఈ ప్రాంతమంతటా, ఒక్క దేశం కూడా మినహాయింపు లేకుండా, నిజంగా ఉమ్మడిగా ఉన్నదేంటో లెక్క చూద్దాం.

నేపాల్. 1854 నాటి ములుకీ ఐన్ అనే చట్టం ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగొచ్చో, ఎవరిని ముట్టుకుంటే శుద్ధి చేసుకోవాలో రాజశాసనంగా రాసిపెట్టింది. మన దగ్గర బ్రిటిషువాడు కులాన్ని బిగించాడని సిద్ధాంతాలు చెప్పేవాళ్లు ఇది గమనించాలి. బ్రిటిషువాడు పాలించని దేశం అది. 2020 మేలో పశ్చిమ రుకుంలో, పైకులపు అమ్మాయిని ప్రేమించిన దళిత యువకుడినీ వెంట వెళ్లిన స్నేహితుల్నీ ఊరు తరిమింది. ఆరుగురు శవాలై నదిలో తేలారు.

పాకిస్తాన్. సింధ్‌లోని థార్‌పార్కర్, ఉమర్‌కోట్ వైపు కోల్హీ, మేఘ్వార్, భీల్ కుటుంబాలు జమీందార్ల దగ్గర అప్పు కింద తరతరాలుగా వెట్టి చేస్తున్నాయి. 2018లో అక్కడి సెనేట్‌కి ఎన్నికైన కృష్ణకుమారి కోహ్లీ చిన్నప్పుడు కుటుంబంతో సహా ఒక భూస్వామి సొంత జైల్లో బందీగా ఉన్న మనిషి. పట్టణాల్లో పారిశుద్ధ్య ఉద్యోగాల ప్రకటనల్లో "ముస్లిమేతరులకు మాత్రమే" అని వేసేవాళ్లు. కులం లేని మతం అని చెప్పుకునే దేశంలో చీపురుకి మాత్రం కులం ఉంది.

శ్రీలంక. 1968లో జాఫ్నా దగ్గర మావిట్టపురం గుడిలోకి వెళ్లనివ్వమని దళితులు పోరాడాల్సి వచ్చింది. అడ్డం నిలబడింది సింహళీయులు కాదు. సాటి తమిళులు.

బంగ్లాదేశ్. ఇది వినండి. ఢాకాలో ధోల్‌పూర్ అనే చోట తెలుగు కాలనీ ఉంది. బ్రిటిషు కాలంలో మన జిల్లాల నుంచి తీసుకెళ్లిన మనుషుల పిల్లల పిల్లలు. ఇప్పటికీ ఇంట్లో తెలుగు మాట్లాడతారు. చేసే పని నగరం ఊడవడం. 2023 ఫిబ్రవరిలో ఆ కాలనీని ఖాళీ చేయమన్నారు. నూటికి పైగా కుటుంబాలు రోడ్డున పడతామని బిక్కుబిక్కుమన్నాయి. బ్రిటిష్ ఇండియా పోయింది, తూర్పు పాకిస్తాన్ వచ్చింది, అదీ పోయి బంగ్లాదేశ్ వచ్చింది. మూడు జెండాలు మారాయి. చేతిలో చీపురు మారలేదు. సొంత గోడ రాలేదు.

కాబట్టి మిత్రులారా, దక్షిణాసియా సమాఖ్య ఇప్పటికే ఉంది. దాని పేరు కులం. దానికి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు అక్కర్లేదు. 1941లో జాషువా తన గోడు శివుడికి చెప్పుకోవడానికి గబ్బిలాన్ని పంపాడు. గుడిలోకి మనిషికి లేని దారి గబ్బిలానికి ఉంది కాబట్టి. ఇవాళ సరిహద్దుల దగ్గరా అదే సంగతి. గబ్బిలం దాటుతుంది, కులం దాటుతుంది, పెట్టుబడి దాటుతుంది. మనిషి ఆగిపోతాడు. మనిషితోపాటు అతని హక్కు ఆగిపోతుంది.

*

"సరే మేడమ్, అది గతం. రేపటి సమాఖ్యలో అలా ఉండదు" అన్నాడు సదస్సులో ఒక తమ్ముడు. ఆ తమ్ముడికి మా ఇంటి కథ చెప్తా.

మాది కాకినాడ వైపు. మా నాయనమ్మ వాళ్ల నాన్న రంగం వెళ్లాడు. రంగూన్‌ని మావాళ్లు రంగం అనేవాళ్లు. కాకినాడలో ఓడెక్కితే రంగంలో దిగడమే. పాస్‌పోర్టు లేదు, ఏమీ లేదు. ఎందుకంటే 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. అంటే మీరు కలగంటున్న సరిహద్దులేని ప్రాంతం ఒకటి మా ఇంట్లో మూడు తరాల కిందట నిజంగానే ఉంది.

ఏం జరిగింది? రెండు జరిగాయి. రెండూ చెప్పాలి, ఒకటే చెబితే అబద్ధమవుతుంది.

మొదటిది. ఆయన అక్కడ చెప్పులేసుకుని నడిచాడు. ఊళ్లో కామందు వీధిలో చెప్పులు చేతిలో పట్టుకునే మనిషి, రంగం వీధుల్లో కాళ్లకి వేసుకున్నాడు. నెలకి కూలి రొక్కంగా చూశాడు. ఆ డబ్బుతో వాడలో పెంకుటిల్లు లేచింది. మా నాయనమ్మ నాలుగో తరగతి దాకా చదివింది. నేను ఇవాళ డాక్టరేట్ అని పేరు ముందు రాసుకుంటున్నానంటే దాని వేరు ఆ ఓడలో ఉంది. దారి తెరిచి ఉండటం మనకెంత విలువైందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరు వదిలి పోగలగడమే మనవాళ్లకి తొలి స్వాతంత్ర్యం.

రెండోది. అక్కడ మన పేరు "కొరంగీ". మన కోరంగి రేవు పేరే తిట్టుగా మారింది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడ కంపెనీలు బర్మా కూలీల్ని పనిలో పెట్టాయి. సమ్మె తెగాక మనవాళ్లని మళ్లీ తీసుకుని బర్మా వాళ్లని వెళ్లగొట్టాయి. ఆకలి మీదున్న ఇద్దరు కూలీల మధ్య చిచ్చు పెట్టి కంపెనీలు పక్కకి తప్పుకున్నాయి. ఊచకోత జరిగింది. వందకు పైగా భారతీయులు చచ్చారు. ఎక్కువమంది తెలుగు కూలీలే. 1942లో జపాన్ బాంబులు పడినప్పుడు దొరలు ముందు ఓడలెక్కారు, మా ముత్తాత అడవుల్లో నడిచి వచ్చాడు. వెంట వెళ్లిన తమ్ముడు రాలేదు. నాయనమ్మ ఆ కథ చెప్పినప్పుడల్లా దారిలో తాగిన నీళ్ల దగ్గర ఆగిపోయేది. ఆ తర్వాత చెప్పేది కాదు.

సరిహద్దు లేనంత మాత్రాన సమానత్వం రాదు. చవకైన చేతులు దొరుకుతాయి, అంతే. దారి తెరిచారు, హక్కు ఇవ్వలేదు. ఈ రెండింటి మధ్య తేడానే ఈ వ్యాసం మొత్తం.

*

ఇప్పుడు ఈ ఉపఖండానికి చేతిదాకా వచ్చి జారిపోయిన అసలైన సమాఖ్య సంగతికి వద్దాం. 1946 మే 16, కేబినెట్ మిషన్ ప్రణాళిక. రక్షణ, విదేశాంగం, రవాణా సమాచారాలు మాత్రమే కేంద్రానికి. మిగతావి రాష్ట్రాలకి. రాష్ట్రాలు మూడు గ్రూపులు. అది నిలిచి ఉంటే దేశ విభజన తప్పేదని మన మిత్రులు ఇవాళ్టికీ నిట్టూరుస్తారు. వాళ్ల వ్యాసాల్లో కాంగ్రెస్ ఏం తప్పు చేసింది, లీగ్ ఏం తప్పు చేసింది అని పేజీలకి పేజీలుంటాయి.

ఒక్క వాక్యం మాత్రం ఉండదు. ఆ ప్రణాళిక ఈ దేశంలో మూడు సమూహాల్నే గుర్తించింది. జనరల్, ముస్లిం, సిక్కు. మనం ఎక్కడ? జనరల్‌లో. కోట్లాది అంటరానివాళ్లని, వాళ్లని ముట్టుకోని వాళ్లతో కలిపి ఒకే గంపలో వేశారు. బాబాసాహెబ్ ఆ ఏప్రిల్‌లోనే మిషన్‌ని కలిసి షెడ్యూల్డ్ కులాల సమాఖ్య వాదన వినిపించారు. విన్నారు. రాసుకోలేదు. జూలైలో పూనాలో మనవాళ్లు సత్యాగ్రహానికి దిగారు, జైళ్లకెళ్లారు. ఈ ఉపఖండపు ఆఖరి ఉమ్మడి నక్షాలో మన పేరు లేదన్న సంగతి, ఆ నక్షా కోసం కన్నీళ్లు పెట్టుకునేవాళ్లకి ఇవాళ్టికీ తట్టదు.

విభజన ఏం చేసిందో కూడా చూడండి. అంబేడ్కర్ రాజ్యాంగ సభలోకి వెళ్లడానికి బొంబాయిలో దారి మూసుకుపోతే, జోగేంద్రనాథ్ మండల్, బెంగాల్ దళిత శాసనసభ్యులు ఆయన్ని బెంగాల్ నుంచి గెలిపించారు. విభజనతో ఆ స్థానం పోయింది. 1947 జూలైలో ఆయన మళ్లీ బొంబాయి నుంచి రావాల్సి వచ్చింది. గెలిపించిన మండల్ పాకిస్తాన్ వైపు ఉండిపోయాడు. పేద ముస్లిం, పేద దళితుడు ఒక వైపు నిలబడతారని నమ్మాడు. పాకిస్తాన్ తొలి న్యాయశాఖ మంత్రి అయ్యాడు. భారతదేశపు తొలి న్యాయశాఖ మంత్రి అంబేడ్కర్. రెండు దేశాల చట్టాలూ మన చేతికే ఇచ్చారు. 1950 అక్టోబరులో మండల్ రాజీనామా చేసి కలకత్తా వచ్చేశాడు. 1951 సెప్టెంబరులో అంబేడ్కర్ రాజీనామా చేశారు. రెండు జెండాల కిందా మన మనిషి ఐదేళ్లు నిలవలేకపోయాడు. దీన్ని దేశాల కథగా చదువుతారా, కులం కథగా చదువుతారా?

ఇంకొకటి. విభజన సమయంలో అందరినీ పోనిచ్చారు, పాకీ పనివాళ్లని పోనివ్వలేదు. అత్యవసర సేవలన్నారు. 1947 డిసెంబరులో అంబేడ్కర్ దీని మీద నెహ్రూకి ఉత్తరం రాశారు. మతం పేరుతో మనుషుల్ని తరిమేసిన దేశం కూడా, మరుగుదొడ్డి ఎత్తే మనిషిని మాత్రం పట్టి ఉంచుకుంది. మన విలువ ఎంతో, ఎందుకో, అంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదు.

దక్షిణాన చూస్తే శ్రీలంక తేయాకు తోటల కూలీలు. చాలామంది దళితులే. 1948లో పౌరసత్వం పీకేశారు. 1964లో ఇద్దరు ప్రధానులు కూర్చుని పంచుకున్నారు: 5,25,000 మంది ఇండియాకి, 3,00,000 మంది సిలోన్‌కి, మిగిలిన 1,50,000 మంది సంగతి తర్వాత. పశువుల సంతలో కూడా పశువు పళ్లు చూస్తారు. వీళ్లని అదీ చూడలేదు.

గీత గీసినా మనల్ని అడగలేదు, కలిపినా అడగలేదు, పంచుకున్నా అడగలేదు. అందుకే కలపడం మంచిదా విడదీయడం మంచిదా అన్న ప్రశ్న నాకు సగం ప్రశ్న. కలం ఎవరి చేతిలో ఉంది అన్నది మిగతా సగం.

*

"అంబేడ్కర్ పాకిస్తాన్‌ని సమర్థించాడు కదా, అంటే విడిపోవడమే మన సిద్ధాంతమా?" అని ఒక విద్యార్థి రాశాడు. కాదు తమ్ముడూ. 1940లో ఆ పుస్తకం రాసినప్పుడు ఆయన రెండు పక్షాల వాదననీ తక్కెట్లో పెట్టి తూచారు. కలిసి బతకాలన్న ఇష్టం లేనివాళ్లని ఒకే కప్పు కింద కట్టేస్తే అది కాపురం కాదన్నది ఆ తూకంలో తేలిన సంగతి. 1955లో భాషా రాష్ట్రాల గురించి రాసినప్పుడు మన ఆంధ్రనే ఉదాహరణగా తీసుకున్నారు. భూమి, ఉద్యోగం, వ్యాపారం రెండు మూడు కులాల చేతిలో ఉంటే, అంటరానివాడు వాళ్ల దయ మీద బతకాల్సిందే అన్నారు. భాష ఒకటైతే మనుషులు ఒకటవుతారని ఆయన నమ్మలేదు. ఆయన చూసింది మ్యాపు సైజు కాదు. ఆ మ్యాపులో ఎవరి చేయి ఎవరి పీక మీద ఉందో చూశారు. మన పద్ధతి అదే కావాలి.

*

ఇక అసలు సంగతి. రేపటి సమాఖ్య ఎందుకు, ఇవాళ ఉన్న సమాఖ్యనే చూద్దాం. ఇండియా రాష్ట్రాల సమాఖ్య కదా. ఇందులో మన హక్కు రాష్ట్ర సరిహద్దు దాటుతుందా?

సదస్సు అయ్యాక టీ తాగుతుంటే ఒకమ్మాయి వచ్చింది. డిగ్రీ చివరి సంవత్సరం. చక్కటి తెలంగాణ యాసలో మాట్లాడింది. "మేడమ్, మాది కాగజ్‌నగర్ దగ్గర బెంగాలీ క్యాంపు. మేం నమఃశూద్రులం" అంది. నాకు ఒక్క క్షణం మాట రాలేదు. మండల్ కులం. అంబేడ్కర్‌ని రాజ్యాంగ సభకి పంపిన కులం. తూర్పు బెంగాల్ నుంచి తరిమితే దండకారణ్యానికీ, మన ఆదిలాబాద్ అడవులకీ చేర్చిన కులం. సొంత నేల అనుకుని సుందర్‌బన్స్‌లోని మరిచ్‌ఝాపి దీవికి తిరిగి వెళ్లినవాళ్ల మీద 1979లో ఎర్రజెండా ప్రభుత్వం దిగ్బంధం పెట్టి కాల్పులు జరిపిన కులం.

"అమ్మా, మరి నీ స్కాలర్‌షిప్?" అని అడిగాను. నవ్వింది. "పశ్చిమ బెంగాల్‌లో మేం ఎస్సీ మేడమ్. అసోంలో కూడా ఎస్సీ. ఇక్కడి లిస్టులో మా కులం లేదు. మా తాత అంటరానివాడనే అక్కడ ఊరవతల ఉన్నడు. ఇక్కడికొచ్చినంక కాగితం మీద కులం పోయింది. క్యాంపు మాత్రం ఇప్పటికీ ఊరవతలే ఉంది."

రాజ్యాంగం 341వ అధికరణ కింద ఎస్సీ జాబితా రాష్ట్రానికొకటి. ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ అయినవాడు ఇంకో రాష్ట్రానికి వలస వెళితే అక్కడ కాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా గుర్తింపు ఉన్న కుటుంబం ఉద్యోగం కోసం బొంబాయి వెళితే, ఆ ఇంటి కుర్రాడికి అక్కడి మెడికల్ కాలేజీలో రిజర్వేషన్ రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒక్కో ప్రాంతంలో వెనుకబాటు ఒక్కో రకం అన్నది కోర్టు తర్కం. ఆ తర్కంలో కొంత నిజం లేకపోలేదు. స్థానిక దళితుల వాటా తగ్గుతుందన్న భయమూ ఉత్తది కాదు. కానీ ముంబైలో మన పాలమూరు కూలీకి ఇల్లు అద్దెకిచ్చేవాడు ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, ఏం తింటావో అడిగి కులం పట్టేస్తాడు కదా. వాడికి 341 అడ్డం రాలేదే! అవమానానికి దేశమంతా చెల్లుబాటు. హక్కుకి మాత్రం రాష్ట్రం పొలిమేర.

ఒకే రాజ్యాంగం, ఒకే సుప్రీంకోర్టు, ఒకే జెండా ఉన్నచోటే మన హక్కు ఆదిలాబాద్ దాటి చంద్రపూర్ చేరడం లేదు. అది లాహోర్ నుంచి చిట్టగాంగ్ దాకా నడుస్తుందని ఎలా నమ్మమంటారు?

ఇంకో మాట. 2001లో డర్బన్ ప్రపంచ సదస్సుకి మనవాళ్లు కులం సమస్యని తీసుకెళ్లారు. అప్పుడు భారత ప్రభుత్వం ఏమంది? కులం మా అంతర్గత విషయం, ఇక్కడ చర్చించొద్దు అంది. మ్యాపు గీసేటప్పుడు నాగరికత అంతా ఒకటే. మనం సరిహద్దు దాటి గోడు చెప్పుకుంటే మాత్రం ఇంటి గుట్టు. గీత ఎప్పుడు ఉండాలో ఎప్పుడు ఉండకూడదో వాళ్లే నిర్ణయిస్తారు.

*

"అయితే మేడమ్, ముళ్లకంచెలు అలాగే ఉండనివ్వమంటారా?"

అనను. 2018 చివర్లో మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఇరవై మందికి పైగా గుజరాత్ పడవల మీద కూలికి వెళ్లి, నీళ్ల మీద కనపడని గీత దాటారని పాకిస్తాన్‌కి చిక్కారు. 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యేదాకా కరాచీ జైల్లో మగ్గారు. గీత వల్ల చచ్చేది ఎప్పుడూ కూలివాడే. రెండు వైపులా సరిహద్దుల్లో తుపాకీ పట్టుకుని నిలబడేదీ ఎక్కువగా రైతుబిడ్డ, కూలిబిడ్డే. రంగం ఓడ లేకపోతే నేను లేను. మూసిన తలుపులు మనకి మేలు చేస్తాయని నేను ఏ రోజూ అనుకోలేదు.

కానీ యూరప్ ముచ్చట చెప్పేవాళ్లు రోమాల సంగతి కూడా చెప్పాలి. 2010లో ఫ్రాన్స్ రోమా శిబిరాల్ని కూల్చి వందలమందిని రుమేనియా, బల్గేరియాలకి పంపేసింది. వాళ్లు యూరోపియన్ యూనియన్ పౌరులే. యూనియన్‌లో అందరూ ఎక్కడికైనా వెళ్లొచ్చు. అందరూ అంటే ఆ జాతి తప్ప. దగ్గర్నుంచి చూస్తే అదీ వాడే.

మన సార్క్ సంగతి చెప్పనే అక్కర్లేదు. 1985లో ఢాకాలో పుట్టింది. వివాదాస్పద ద్వైపాక్షిక విషయాలు మాట్లాడకూడదని నియమావళిలోనే రాసుకుంది. 2014లో ఖాట్మండు తర్వాత శిఖరాగ్ర సమావేశమే లేదు. నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టకూడదని ఒట్టు పెట్టుకున్న వైద్యుడి దగ్గర రోగం నయమవుతుందా?

*

కాబట్టి నేను సమాఖ్యకి వ్యతిరేకిని కాను. షరతులున్న మనిషిని. షరతులు ఇవి.

ఒకటి. సరుకు కంటే ముందు హక్కు దాటాలి. బట్టకీ సిమెంటుకీ సుంకం ఎత్తేసే ముందు, ఒక మేఘ్వార్ స్త్రీ, ఒక కామీ యువకుడు, ఒక మాదిగ కూలీ ఎక్కడికెళ్లినా వివక్ష నుంచి రక్షణ పొందే ఉమ్మడి చట్టం, దాన్ని అమలు చేయించే ఉమ్మడి కోర్టు కావాలి. మొదలు మన ఇంట్లోనే పెట్టాలి. 341 దగ్గర చిక్కుకున్న కాగజ్‌నగర్ అమ్మాయికి న్యాయం చేయలేనివాళ్లు నాకు లాహోర్ బస్సు గురించి చెప్పొద్దు.

రెండు. మనం బల్ల దగ్గర ఒక పక్షంగా కూర్చోవాలి. "జనరల్"లో కలిపేసి కాదు. 1946 మళ్లీ వద్దు.

మూడు. పెద్దదేశం చిన్నదేశం దగ్గర నేర్చుకోవాలి. నేపాల్‌లో ప్రతి వార్డు కమిటీలో ఒక దళిత మహిళా సభ్యురాలు ఉండాలని చట్టం. 2017 స్థానిక ఎన్నికల్లో ఆరువేలకు పైగా దళిత మహిళలు అలా గెలిచారు. చాలాచోట్ల వాళ్లని పక్కన కూర్చోబెట్టి సంతకాలు పెట్టించుకుంటున్నారన్న ఫిర్యాదులున్నాయి. అయినా కుర్చీ ఉంది. మన దేశంలో ప్రతి వార్డులో అలాంటి కుర్చీ ఉందా? సమాఖ్య అంటే ఇలాంటివి ఒకరి దగ్గర ఒకరు తెచ్చుకోవడం.

నాలుగు. ఇష్టంతో రావాలి, ఇష్టం లేకపోతే పోగలగాలి. నేపాల్, భూటాన్, మాల్దీవుల మాటకి ఢిల్లీ మాటతో సమానమైన బరువుండాలి. పోవడానికి దారి లేని ఇంటిని ఇల్లనరు.

ఇవి ఒప్పుకుంటే, మొదటి సంతకం నాది.

*

చివరిగా ఒక విషయం. బాబాసాహెబ్ చివరి ఏళ్లలో దాటిన సరిహద్దులు చూడండి. 1950లో శ్రీలంక. 1954లో రంగూన్, మా ముత్తాత నడిచి వచ్చిన ఊరు. 1956 నవంబరులో ఖాట్మండు. నెల తిరక్కుండానే ఆయన పోయారు. ఆ ఆరోగ్యంతో ఎందుకు తిరిగారు? మ్యాపు కోసం కాదు. ఎక్కువ తక్కువలు లేని మనుషుల సంఘం ఒకటి సరిహద్దులకి అడ్డంగా కట్టొచ్చని. అది ప్రభుత్వాలు చేసుకునే సమాఖ్య కాదు. ధోల్‌పూర్ తెలుగు కాలనీకీ, థార్‌పార్కర్ గుడిసెకీ, రుకుం కొండకీ, కాగజ్‌నగర్ క్యాంపుకీ మధ్య కట్టాల్సిన సమాఖ్య. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇవాళే మొదలుపెట్టొచ్చు. ఆ అమ్మాయి తన క్యాంపు పెద్దల కథలు రాస్తానంది. రాయమన్నాను. తెలుగులో రాస్తావా, బెంగాలీలో రాస్తావా అని అడిగితే, "రెండిట్ల రాస్త మేడమ్, ఎవరు ముందు అచ్చేస్తరో చూద్దాం" అంది.

ఈసారి మీ కాలేజీలో ఎవరైనా "దేశాల మధ్య గోడలు కూల్చాలి" అని ఉపన్యాసం ఇస్తే చప్పట్లు కొట్టండి. కొట్టాక లేచి నిలబడి అడగండి: "అయ్యా, మీ ఊరికీ మీ ఊరి వాడకీ మధ్య ఎంత దూరం? మీరెప్పుడైనా నడిచారా?"

జవాబు వచ్చాక నాకు చెప్పండి.

జై భీమ్.

(వచ్చే భాగం: రంగం వెళ్లొచ్చిన కుటుంబాల కథలు. మీ ఇళ్లలో అలాంటి పెద్దవాళ్లు, పాత ఉత్తరాలు, ఓడ చీటీలు ఉంటే రాయండి. పేర్లు బయట పెట్టను.)